జనవరిలో అమ్మానాన్నలతో జైసల్మేర్: కోటలో దిగాలా, కింద దిగాలా?

గోదారిగట్టు, డిసెంబర్ 11, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. సంక్రాంతి ఇంటి దగ్గర చేసుకుని, ముక్కనుమ వెళ్లిన రెండో రోజున జైసల్మేర్ బయల్దేరదామనుకుంటున్నాం. నేను, మా ఆవిడ, తొమ్మిదేళ్ల పాప, అమ్మ, నాన్న. నాన్నకి డెబ్భై, మనిషి గట్టి. అమ్మకి మోకాళ్లు అరిగిపోయాయి, మెట్లు కనపడితే చాలు మొహం మాడుస్తుంది.

నాన్న కోరిక ఒక్కటే, సరిహద్దు చూడాలి. 1971లో ఆయన స్కూల్లో ఉన్నాడు. లోంగేవాలా యుద్ధం సంగతి ఊళ్లో పంచాయితీ రేడియో దగ్గర నిలబడి విన్నాడట. ఇప్పటికీ పెళ్లి భోజనాల్లో పక్కవాణ్ని కదలనివ్వకుండా మరీ చెబుతాడు. అమ్మ కోరిక పొద్దున్నే వేణ్ణీళ్లు, మధ్యాహ్నం పెరుగన్నం. పాపకి ఒంటె. మా ఆవిడకి ఫోటోలు. ఒకరినొకరు తిట్టుకోకుండా ఇంటికి చేరితే నాకు అదే పదివేలు.

అడగాల్సినవి ఇవీ. కోట లోపల హోటళ్లు చాలా బాగా కనిపిస్తున్నాయి. అక్కడ దిగొచ్చా, కింద ఊళ్లో దిగాలా? ఇసుకలో టెంటులో ఒక రాత్రి పెద్దవాళ్లు తట్టుకుంటారా? సరిహద్దు దగ్గరున్న తనోత్ గుడి, లోంగేవాలా ఒక్క రోజులో అవుతాయా? నాలుగు రాత్రులు పెట్టుకున్నాను.


కాచిగూడ ప్యాసింజర్, డిసెంబర్ 11, రాత్రి 10:25

అన్నా, ఎట్ల వోతున్నరో చెప్పనే లేదు. కాచిగూడ నుంచి జోధ్‌పూర్ పక్కన భగత్ కీ కోఠీకి బండి ఉన్నది, 2025 జులైల మొదలైంది. రెండు రాత్రులు బండ్లనే పంటరు, అమ్మకు కష్టం. జోధ్‌పూర్ దాకా విమానంల వొయ్యి ఆడికెంచి రైలో కారో పట్టుకోండ్రి, ఐదారు గంటల తొవ్వ. చలికాలం జైసల్మేర్‌కు కూడా విమానాలు నడుస్తయి గానీ షెడ్యూలు ఏటికేడు మారుతది, నమ్ముకొని కూసోవద్దు.

కారుల వోతే తొవ్వల పోఖ్రాన్ వస్తది. 1974ల, 1998ల అణు పరీక్షలు చేసింది ఆ దిక్కే. చూడనీకి ఏం ఉండది, ఊరి బోర్డు కాడ ఫోటో దిగుడే.


సున్నపురాయి, డిసెంబర్ 12, ఉదయం 7:15

రెండేళ్ల కిందట ఫిబ్రవరిలో పోయినాం. కోట లోపలే మూడు రాత్రులు ఉన్నాం. మళ్లీ పోతే లోపల దిగను. ఎందుకో చెప్తా, కొంచెం పొడుగైతాది.

గది మాత్రం చూడాల్సిందే. గోడలోకి తొలిచిన కిటికీ, ఆ కిటికీలోనే పరుపు, కింద ఊరంతా బెల్లం అచ్చులు పేర్చినట్టు. పొద్దున్నే గుడి గంట, ఆవుల అరుపు, ఎవరింట్లోనో తిరగమాత వాసన. 1156లో రావల్ జైసల్ కట్టించిన కోట ఇది, ఈరోజుకీ వేలమంది కాపురాలు చేస్తాండారు. మా గండికోటలో కూడా ఇండ్లున్నాయి గానీ ఇక్కడ ఊరికి ఊరే కోటలో ఉంది.

రెండోరోజు పొద్దున బాత్రూములో కుళాయి తిప్పి పెట్టి ఫోన్ మాట్లాడతా ఉన్నా. బకెట్టు నిండి పొర్లిపోతాంది. ఓనరు కొడుకు తలుపు కొట్టినాడు. తిట్టలేదు పాపం. రండి మేడం అని గది వెనక సందులోకి తీసుకపోయి గోడ చూపించినాడు. రాయికీ రాయికీ నడుమ చెమ్మ, ఉప్పు పూసినట్టు తెల్లటి పొర. వేలితో గీస్తే రాయి పొడి పొడిగా రాలింది. ఎనిమిది వందల ఏండ్ల కోట, నా గోరుకు రాలిపోతాంది!

వాళ్ల అవ్వ కాలంలో ఆడవాళ్లు గడీసర్ చెరువు నుంచి కడవలతో నీళ్లు మోసుకొని ఈ ఎత్తు ఎక్కేవాళ్లంట. మోసుకొచ్చిన నీళ్లు ఎవరైనా పారబోస్తారా? తర్వాత కుళాయిలొచ్చినాయి, హోటళ్లొచ్చినాయి, ఒక్కో గదికీ గీజరు, షవరు. వాడిన నీళ్లు కిందికి ఇంకి, గుట్ట అడుగున ఉండే బంకమట్టి పొర నానడం మొదలైంది. కొన్ని బురుజులు కూలినాయి. ప్రపంచంలో ప్రమాదంలో ఉన్న కట్టడాల జాబితాలోకి 1996, 1998, 2000 మూడుసార్లూ ఎక్కింది. 2013లో యునెస్కో వారసత్వ జాబితాలోకి వచ్చిందని మనం సంబరపడతాం గానీ, ఆ గోడకు ఆ సంగతి తెల్వదు కదా.

మీ అమ్మగారికైతే కింద దిగడమే మేలు. కోట దారి ఎత్తు, రాళ్లు పాదాలకు అరిగి అరిగి అద్దం మాదిరి జారతాయి. ఆటో దసరా చౌక్ దాకా ఎక్కుతాది, ఆడి నుంచి సందులన్నీ నడకే. కోట ఎదురుగా ఉండే డాబా హోటలు తీసుకోండి. లోపల ఉంటే కోట కనపడదు, బయట ఉంటేనే కనపడతాది.


బస్టాండు బాబాయ్, డిసెంబర్ 12, మధ్యాహ్నం 1:50

ఆఖరి మాట నిజమే గానీ మరీ అంత పాపభీతి అక్కర్లేదండీ సున్నపురాయి గారూ. ఆ హోటళ్లు నడిపేది ఎక్కడో బొంబాయి షేట్లు కాదు, చాలావాటికి ఆ ఇంటివాళ్లే ఓనర్లు. కింద గది, పైన గది అద్దెకిచ్చి పిల్లల్ని చదివించుకుంటున్నారు. మనం దిగడం మానేస్తే వాళ్లు ఇల్లమ్ముకుని దిగిపోతారు, అప్పుడు మన గోల్కొండలా ఖాళీ కోటే అవుతుంది అది కూడా. మురుగు పైపులు కూడా మార్చారు కదా. అయినా మీరు కింద దిగినా పగలంతా కోటలోనే తిరుగుతారు, అక్కడే కాఫీ తాగుతారు, అక్కడే బాత్రూముకి వెళతారు. తేడా ఏముంది?


సున్నపురాయి, డిసెంబర్ 12, సాయంత్రం 6:05

కాఫీకి పోయేది ఒక చెంబు. తలస్నానానికి పోయేది నాలుగు బకెట్లు. అదే బాబాయ్ గారూ తేడా. నేను ఎవరి పొట్టా కొట్టమనలేదు. కోటలో తినండి, కొనండి, లోపలి పిల్లోణ్ణే గైడుగా పెట్టుకోండి. నీళ్లు పోసుకునేది మాత్రం కింద పోసుకోండి.


బస్టాండు బాబాయ్, డిసెంబర్ 12, సాయంత్రం 6:20

సరే, ఈ ఒక్క మాటకి ఒప్పుకున్నా.


మాజీ హవల్దారు, డిసెంబర్ 13, ఉదయం 5:30

నేను తొంభైల్లో ఆ సెక్టార్‌లో మూడేళ్లు పనిచేశాను. నాకు తెలిసింది రాస్తాను.

బాబూ గోదారిగట్టూ, మీ నాన్నగారి కోరిక ఒక్క రోజులో తీరుతుంది. జైసల్మేర్ నుంచి రామ్‌గఢ్ మీదుగా తనోత్ 120 కిలోమీటర్ల పైచిలుకు. అక్కడి నుంచి లోంగేవాలా, మళ్లీ రామ్‌గఢ్, జైసల్మేర్. మొత్తం చుట్టు 250 దాటుతుంది. రోడ్డు బల్లపరుపుగా ఉంటుంది, దెబ్బలు తగలవు. ఇబ్బందల్లా రామ్‌గఢ్ దాటాక. పెట్రోలూ, టిఫినూ, బాత్రూమూ అన్నీ అక్కడే కానిచ్చుకోండి. ఫోన్ సిగ్నల్ వస్తూ పోతూ ఉంటుంది. ఆధార్ అందరిదీ ఒరిజినల్ పెట్టుకోండి, ఫోన్లో ఫోటో చూపిస్తానంటే ఒప్పుకోకపోవచ్చు.

ఒక మాట ముందే చెప్పాలి. తనోత్ గుడి దాకా ఎవరైనా వెళ్లొచ్చు. దాన్ని దాటి కంచె వైపు వెళ్లాలంటే బీఎస్ఎఫ్ అనుమతి కావాలి. ఇచ్చినా ఒక్కోసారి పరిస్థితిని బట్టి ఆపేస్తారు. వాఘాలాగా డాబూ దర్పం, కవాతూ ఏమీ ఉండవు. ఇసుక, కంచె, దీపాల స్తంభాలు, అవతల మళ్లీ అదే ఇసుక. పెద్దాయనకి ముందే చెప్పి తీసుకెళ్లండి, లేకపోతే ఇంతేనా అంటారు.

తనోత్ మాత గుడిని చూసుకునేది బీఎస్ఎఫ్ జవాన్లే. హారతి ఇచ్చేదీ వాళ్లే. 1965 యుద్ధంలో గుడి చుట్టూ పడిన గుండ్లు పేలలేదంటారు, వాటిలో కొన్ని లోపల అద్దాల బీరువాలో పెట్టారు. మొక్కుకున్నవాళ్లు చేతిరుమాలు కడతారు. రంగురంగుల రుమాళ్లు వేలకొద్దీ కనిపిస్తాయి.

లోంగేవాలాలో 1971 డిసెంబర్ 4 రాత్రి మేజర్ కుల్దీప్ సింగ్ చాంద్‌పురీ దగ్గర ఉన్నది 23వ పంజాబ్ దళంలోని ఒక కంపెనీ, సుమారు 120 మంది. ఎదురుగా ట్యాంకుల వరస. మన హంటర్ విమానాలు రాత్రి పూట దాడి చేయలేవు. అంటే తెల్లారేదాకా ఆ గట్టు మీద నిలబడాలి, అంతే. తెల్లారాక జైసల్మేర్ నుంచి విమానాలు లేచాయి, ఇసుకలో దిగబడిన ట్యాంకులు పిట్టల్లా దొరికిపోయాయి. చాంద్‌పురీ గారికి మహావీర్ చక్ర వచ్చింది. అప్పటి ట్యాంకులు ఇప్పటికీ అక్కడ ఉన్నాయి. మీరు చేసే పని ఒకటి ఉంది. బోర్డులు చదవడం అయ్యాక రోడ్డు దిగి నాలుగడుగులు ఇసుకలో నడవండి. ఆ ఇసుకలో మనిషికే కాలు పైకి రాదు, ఇక ట్యాంకు సంగతి ఆలోచించుకోండి.

చలి గురించి. పగలు 23, 24 డిగ్రీలు, హాయిగా ఉంటుంది, స్వెట్టరు తీసి నడుముకి కట్టుకుంటారు. ఆరున్నర దాటగానే నేల చల్లబడుతుంది. ఇసుక ఎంత తొందరగా కాగుతుందో అంత తొందరగా ఆరిపోతుంది. రాత్రి ఐదారు డిగ్రీలకి పడిపోతుంది. మా పోస్టులో బకెట్టు నీళ్లు రాత్రి బయట మర్చిపోతే పొద్దున చెయ్యి పెట్టలేకపోయేవాళ్లం. రైఫిల్ నోటికి గుడ్డ కట్టుకునేవాళ్లం. అయినా తుడిచిన ప్రతిసారీ ఇసుకే. భోజనం కంచాలు నీళ్లతో కాదు, అదే ఇసుకతో తోమేవాళ్లం. ఇంటికొచ్చాక ఆ అలవాటు పోవడానికి నాకు చాలాకాలం పట్టింది, మా ఆవిడ ఇప్పటికీ నవ్వుతుంది.


గోదారిగట్టు, డిసెంబర్ 13, రాత్రి 8:30

హవల్దారు గారూ, మీ పోస్టు నాన్నకి చదివి వినిపించాను. రెండుసార్లు చదివించుకున్నాడు. "ఆయన నంబరు అడుగు" అంటున్నాడు. పెళ్లి భోజనాల సంగతి ముందే చెప్పాను, కాబట్టి మీ మేలు కోరి అడగట్లేదు.

సున్నపురాయి గారూ, కింద హోటలే ఖాయం చేశాను.

ఇంకో అనుమానం. 2025 మేలో పాకిస్తాన్‌తో గొడవప్పుడు అక్కడ రాత్రుళ్లు దీపాలన్నీ ఆర్పేశారు కదా. మా అత్తగారు రోజూ ఫోన్ చేసి అదే అడుగుతోంది. ఇప్పుడు వెళ్లడం పర్వాలేదా?


మాజీ హవల్దారు, డిసెంబర్ 14, ఉదయం 5:40

సరిహద్దు జిల్లా అన్నాక అటువంటివి వస్తాయి, పోతాయి. ఆ రోజుల్లో అక్కడ ఉన్నవాళ్లు కిటికీలకి దుప్పట్లు కట్టుకుని కూర్చున్నారు, ఆ తర్వాత చలికాలం రాగానే గదులు అద్దెకిచ్చుకున్నారు. రద్దు చేసుకునే వీలున్న బుకింగులే చేసుకోండి. వెళ్లే ముందు వారం వార్తలు చూడండి. తనోత్ దారి మూసేస్తే మూసేశారని ఊళ్లో టాక్సీవాడే చెబుతాడు.


డాలస్ చిన్నోడు, డిసెంబర్ 14, ఉదయం 9:10

మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. మాది అమెరికా పాస్‌పోర్టు, ఓసీఐ ఉంది. మేమూ తనోత్ వెళ్లొచ్చా?


మాజీ హవల్దారు, డిసెంబర్ 14, ఉదయం 9:45

ఊరు, కోట, సమ్ దగ్గరి ఇసుక తిన్నెలు మామూలే. సరిహద్దు వైపు విదేశీ పాస్‌పోర్టు వాళ్లకి ముందస్తు అనుమతి ఉండాలి. జైసల్మేర్ దిగగానే కలెక్టరాఫీసులో అడగండి. టాక్సీవాడు "నేను చూసుకుంటా సార్" అంటే నమ్మి కారెక్కొద్దు.


నడుంనొప్పి నారాయణ, డిసెంబర్ 14, మధ్యాహ్నం 3:30

టెంటు గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి నా గోడు వినండి.

క్రిస్మస్ వారంలో సమ్ తిన్నెల దగ్గర ఒక క్యాంపులో దిగాం. పేరు చెప్పను, అన్నీ ఒకే తాను ముక్కలు. ఫోటోలో ఒక్కటే టెంటు, చుట్టూ ఇసుక, పైన చుక్కలు. వెళ్లి చూస్తే కల్యాణ మండపాలు వరసగా కట్టినట్టు క్యాంపు పక్కన క్యాంపు. అందరి డీజేలూ ఒకేసారి. మన టెంటులో వాళ్ల పాట, వాళ్ల టెంటులో మన పాట. కాల్బేలియా నాట్యం అన్నారు, రెండు పాటలయ్యాక హిందీ సినిమా పాటలకి జనాన్ని లేపి గెంతించారు. చుక్కలు చూద్దామంటే ఫ్లడ్‌లైట్లు. పన్నెండింటికి పాటలు ఆపారు. అప్పుడు మొదలైంది చలి. గుడ్డ గోడ, రెండు రజాయిలు, అయినా ముక్కు మొద్దుబారిపోయింది. బాత్రూములో గీజరుంది, కరెంటు లేదు.

సాయంత్రం జీపులో తిన్నెల మీద ఎగరేస్తామన్నారు. నాకు ముందే నడుం దగ్గర వెన్నుపూసలు ఎల్4, ఎల్5 అరుగుదల. మా బావమరిది "ఏం కాదు బావా" అన్నాడు. మూడో తిన్నె మీద నుంచి జీపు దూకినప్పుడు నాకు నక్షత్రాలు కనబడ్డాయి. ఆ ట్రిప్పులో నేను చూసిన నక్షత్రాలు అవే.

పెద్దవాళ్లని జీపెక్కించకండి. ఒంటె మీద అయితే ఒక సంగతి గుర్తుంచుకోండి. ఒంటె ముందు వెనక కాళ్ల మీద లేస్తుంది, మనం ముందుకి తూలిపోతాం. కూర్చునేటప్పుడు ముందు మోకాళ్లు వంచుతుంది, మళ్లీ ముందుకే. కాబట్టి రెండుసార్లూ వెనక్కి వాలి, వెనక కొయ్య గట్టిగా పట్టుకోవాలి. పాపకి ముందే నేర్పించండి. వద్దనుకుంటే ఒంటె బండి ఉంటుంది, అమ్మగారు అందులో దర్జాగా కూర్చోవచ్చు.


సున్నపురాయి, డిసెంబర్ 14, సాయంత్రం 4:10

నవ్వలేక చస్తాండా. సమ్ కాకుండా ఖూడీ వైపు పొండి, ఊరి నుంచి నైరుతిగా నలభై కిలోమీటర్ల పైన. తిన్నెలు చిన్నవి, జనం తక్కువ. మట్టి ఇండ్లలో బస ఇస్తారు, మందపాటి గోడ కాబట్టి చలి లోపలికి రాదు. మేము దిగిన ఇంట్లో రాత్రి ఇద్దరు మాంగణియార్లు వచ్చి పాడినారు, మైకు లేదు. ఒకాయన కమాయిచా అనే తీగల వాయిద్యం వాయిస్తే ఇంకో పిల్లోడు రెండు కట్టె చెక్కలు, ఖర్తాల్ అంటారు, ఒక చేతిలోనే పెట్టి టకటకలాడించినాడు. వాళ్లు ముస్లింలు, పాడింది కృష్ణుడి మీద. తరతరాలుగా రాజపుత్రుల ఇండ్లలో పెండ్లికీ పురుడుకీ పాడేది వాళ్లేనంట. పాట అయినాక డబ్బులు నేరుగా వాళ్ల చేతికే ఇయ్యండి.


బట్టమేక, డిసెంబర్ 15, రాత్రి 10:00

నా పేరు చూస్తే తెలిసిపోతుంది నేను ఏం రాస్తానో. నాది కర్నూలు వైపు. మా రోళ్లపాడులో 1988లో బట్టమేక పిట్టల కోసమే అభయారణ్యం పెట్టారు. చిన్నప్పుడు మా నాన్న సైకిలు మీద తీసుకెళ్లి చూపించాడు, మీటరెత్తు పిట్ట, మెడ తెల్లగా, నెత్తిన నల్ల టోపీ పెట్టుకున్న పెద్దమనిషిలాగా శనగ చేలో నడుస్తోంది. ఇప్పుడు అక్కడ బోర్డు మీదే ఉంది ఆ పిట్ట.

దేశంలో మిగిలినవాటిలో దాదాపు అన్నీ జైసల్మేర్ చుట్టుపక్కలే. వాళ్లు గోడావణ్ అంటారు, రాజస్థాన్ రాష్ట్ర పక్షి. సమ్ తిన్నెలకి వెళ్లే దారిలోనే డెజర్ట్ నేషనల్ పార్క్ ఉంది, మూడు వేల చదరపు కిలోమీటర్ల పైన. సుదాసరి వైపు అటవీ శాఖ అనుమతితో వెళ్లొచ్చు. తెల్లవారుజామునే బయల్దేరాలి. తెల్లవారుజాము అంటే మన లెక్క కాదు. జనవరిలో అక్కడ సూర్యుడు హైదరాబాద్ కంటే ముప్పావుగంట ఆలస్యం, ఏడున్నర అయితే గానీ పొద్దు పొడవదు. సాయంత్రం మాత్రం అందులో ఓ పావుగంటే తిరిగిస్తుంది.

నేను మూడు పొద్దులు తిరిగితే ఒక్కసారి కనిపించింది, దూరంగా, రెండు నిమిషాలు. వెనకాల అంతా గాలి మరలు, కరెంటు తీగలు. ఈ పిట్టకి పక్కలే కనిపిస్తాయి, ఎదురుగా సరిగా చూపు ఆనదు. బరువెక్కువ, గబుక్కున పక్కకి తిరగలేదు. తీగకి కొట్టుకుని చచ్చిపోతుంది. 2021లో సుప్రీంకోర్టు తీగలు భూమిలో వేయమంది, తర్వాత ఆ ఉత్తర్వుని సడలించింది. సమ్ దగ్గరే గుడ్లు పొదిగించి పిల్లల్ని పెంచే కేంద్రం ఉంది, అదొక్కటే ఇప్పుడు ధైర్యం. బడా బాగ్‌లో రాజుల స్మారక మండపాలు, అవే ఛత్రీలు, వాటి వెనక ఆ మరలు ఫోటోలో చాలా అందంగా పడతాయి, మీ ఆవిడగారు తప్పకుండా తీస్తారు. తీయండి. తీగలు కూడా పడనివ్వండి అందులో.


పెరుగువడ, డిసెంబర్ 16, ఉదయం 11:20

అమ్మగారి పెరుగన్నం సమస్య నాకు వదిలేయండి. అన్నం దొరుకుతుంది, పెరుగు దొరుకుతుంది, మన పెరుగన్నం మాత్రం దొరకదు. అడిగితే అందులో పంచదార వేసి తెస్తారు. చిన్న రైస్ కుక్కర్ పెట్టుకెళ్లండి, ఆవకాయ సీసా పగలకుండా తువ్వాల్లో చుట్టండి.

కేర్ సాంగ్రీ కూర తినకుండా రావద్దు. సాంగ్రీ అంటే ఏమనుకున్నారు? ఖేజ్డీ చెట్టు కాయ. ఖేజ్డీ అంటే మన జమ్మి! దసరాకి మనం ఆకు తెంపి బంగారమని పంచుకుంటాం, వాళ్లు కాయలు ఎండబెట్టుకుని ఏడాదంతా కూర వండుకుంటారు. తెలంగాణకీ రాజస్థాన్‌కీ రాష్ట్ర వృక్షం ఒకటే. నేను మాత్రం యాభై ఏళ్లొచ్చేదాకా జమ్మికి కాయ కాస్తుందనే ఆలోచించలేదు, సిగ్గుచేటు. రుచి గోరుచిక్కుడు ఒరుగుల వేపుడుకి దగ్గర, కాస్త పులుపు. సజ్జ రొట్టె, మీద నెయ్యి. ఘోటువా లడ్డూ ఈ ఊరి ప్రత్యేకం, అది కూడా.

ఇంకొకటి. బజార్లో హాబూర్ రాయి గిన్నెలు అమ్ముతారు. పసుపూ గోధుమా కలిసిన రంగు, లోపల సముద్రపు గుల్లల అచ్చులు. ఒకప్పుడు అక్కడ సముద్రం ఉండేది కదా. ఆ గిన్నెలో పాలు పోస్తే తోడు వేయకుండానే పెరుగవుతుందని చెబుతారు. కొన్నాను. వారం రోజులు ప్రయత్నించాను. మొదటిరోజు పాలు పాలుగానే ఉన్నాయి, రెండోరోజు విరిగాయి, మూడోరోజు మా ఆయన ఆ గిన్నెలో తాళాలు వేసుకోవడం మొదలుపెట్టాడు.


బస్టాండు బాబాయ్, డిసెంబర్ 16, మధ్యాహ్నం 12:05

మా ఇంట్లో తోడుకుందండీ! నిజంగా!


పెరుగువడ, డిసెంబర్ 16, మధ్యాహ్నం 12:15

గిన్నె ముందు దేంతో కడిగారు?


గోదారిగట్టు, జనవరి 27, రాత్రి 9:00

వచ్చేశాం. ఎవరూ ఎవరినీ తిట్టుకోలేదని చెప్పలేను గానీ అందరం ఒకే బండిలో తిరిగొచ్చాం.

హోటలు కింద, కోటకి ఎదురుగా. పొద్దున ఏడున్నరకి డాబా మీద టీ తాగుతుంటే ఎండ ముందు పై బురుజుల మీద పడి, మెల్లగా కిందికి జారుతుంది. బూడిదరంగు గోడ పావుగంటలో తేనెరంగుకి తిరుగుతుంది. అమ్మ నాలుగు రోజులూ అక్కడే రోజుకో గంట కూర్చుంది. కోటలోకి ఒక్కసారే, ఆటోలో చౌక్ దాకా వచ్చింది. జైన గుళ్లు జైనులు కానివాళ్లకి పొద్దుటి పూటే తెరుస్తారు, పన్నెండు దాటితే వెళ్లనివ్వరు. మేము పదకొండున్నరకి పరిగెత్తుకెళ్లాం. నా బెల్టు తోలుది, బయట పెట్టించారు. లోపల ఉన్నంతసేపూ ఒక చెయ్యి ప్యాంటు మీదే.

సున్నపురాయి గారూ, మీరు చెప్పిన తెల్లటి పొర వెతికాను. సందు చివర కనిపించింది. పాప వేలు పెట్టి గీయబోతే వాళ్లమ్మ చెయ్యి వెనక్కి లాగింది.

కుల్‌ధరా కూడా వెళ్లాం. దయ్యాల ఊరని డ్రైవరు కథలు చెప్పాడు, దివాన్ సాలిం సింగ్ భయానికి పాలీవాల్ బ్రాహ్మలు ఒక్క రాత్రిలో ఖాళీ చేశారని. నాన్నకి కథ ఎక్కలేదు, వాళ్ల ఖడీన్ ఎక్కింది. వానాకాలం పారే నీటిని పల్లంలో కట్ట వేసి ఆపి, అది ఇంకాక ఆ చెమ్మలోనే పంట వేసేవారట. "మన చెరువు లోపలే వ్యవసాయం అన్నమాట" అని కట్ట మీద అటూ ఇటూ నడిచాడు. దయ్యాల దగ్గరికి మేమే వెళ్లొచ్చాం.

ఖూడీలో ఒక రాత్రి. పాప ఒంటె లేచేటప్పుడు వెనక్కి వాలింది, కూర్చునేటప్పుడు మర్చిపోయింది. ఏం కాలేదు, ఒంటెవాడు పట్టుకున్నాడు.

ఇక తనోత్. అనుమతి కోసం చూశాం, ఆ రోజు ముందుకి ఎవరినీ వదలట్లేదన్నారు. నాన్న ఏమంటాడో అని భయపడ్డాను. గుడిలో ఆ గుండ్ల బీరువా ముందు చాలాసేపు నిలబడ్డాడు, ఒక్క మాటా లేదు. అమ్మ రుమాలు కట్టింది, దేనికి మొక్కుకుందో చెప్పలేదు. మోకాళ్లకే అయ్యుంటుంది.

బయటికొచ్చి మేం తెలుగులో మాట్లాడుకుంటుంటే డ్యూటీలో ఉన్న జవాను తిరిగి చూశాడు. "ఏ ఊరండీ మీది?" శ్రీకాకుళం జిల్లా కుర్రాడు, పాతికేళ్లుంటాయి. పండక్కి సెలవు దొరకలేదట. అమ్మ వెంటనే సంచిలోంచి అరిసెల డబ్బా తీసింది. డ్యూటీలో తినకూడదన్నాడు, నవ్వాడు, తర్వాత తింటానని కాగితంలో నాలుగు కట్టించుకున్నాడు. నాన్నకి మనిషి దొరికాడు కదా, లోంగేవాలా మొత్తం చెప్పాడు, పంచాయితీ రేడియోతో సహా. ఆ కుర్రాడు రోజూ అదే ఇసుకలో నిలబడేవాడు, ఒక్క చోట కూడా అడ్డు చెప్పకుండా "అలాగా అండీ" అని విన్నాడు.

లోంగేవాలాలో హవల్దారు గారు చెప్పినట్టు రోడ్డు దిగి ఇసుకలో నడిచాం. నాన్న పది అడుగులు వేసి ఆగిపోయాడు. చెప్పులు తీసి చేతిలో పట్టుకుని ట్యాంకు వైపు చూశాడు. పెళ్లిళ్లలో చెప్పేటప్పుడు ఇక ఎంత పొడుగు చేస్తాడో తెలియదు.

హాబూర్ గిన్నె ఒకటి కొన్నాం. అమ్మ పట్టుబట్టింది.


మాజీ హవల్దారు, జనవరి 28, ఉదయం 5:35

మీ నాన్నగారికి నా నంబరు ఇవ్వండి బాబూ. వ్యక్తిగత సందేశంలో పంపాను.


పెరుగువడ, జనవరి 28, ఉదయం 10:40

గిన్నె సంగతి ఏమైంది?


గోదారిగట్టు, జనవరి 28, మధ్యాహ్నం 1:00

నిన్న రాత్రి పాలు పోశాం. పొద్దున చూస్తే గడ్డ పెరుగు! నేను ఇక్కడ రాయబోతుంటే మా ఆవిడ ఆపింది. పడుకునే ముందు అమ్మ ఎవరూ చూడకుండా ఒక చుక్క తోడు వేసిందట. అడిగితే, "ఇంత ఖర్చు పెట్టి కొన్నాక పాలు పాడు చేసుకుంటామా" అంది.


బస్టాండు బాబాయ్, జనవరి 28, మధ్యాహ్నం 1:20

మా ఆవిణ్ని ఇప్పుడే అడిగాను. జవాబు చెప్పకుండా వంటింట్లోకి వెళ్లిపోయింది.